చిన్న ఉపగ్రహానికి ప్లాస్మా ఇంజను: శ్రీహరికోట దాకా వచ్చిన దారి

ఎలక్ట్రాన్లూ అయాన్లూ విడివిడిగా సంచరించే వాయుస్థితిని ప్లాస్మా అంటారు. వాయువు ఏ ఉష్ణోగ్రత వద్ద, ఏ పీడనం వద్ద ఎంతమేరకు ఈ స్థితికి చేరుతుందో భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా 1920లోనే సమీకరణంగా చెప్పగా, భూమిని సహజంగా కప్పి ఉన్న ప్లాస్మా పొర అయిన అయనావరణాన్ని వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆ తరువాతి కాలంలో రేడియో తరంగాలతో పరిశీలించారు. అయితే ప్లాస్మాను కొలవడం వేరు, దాని చేత ఉపగ్రహాన్ని నెట్టించడం వేరు.

ఆ పనిని నమ్మకంగా చేసిన యంత్రం హాల్ థ్రస్టర్. సోవియట్ యూనియన్ దీనిని 1971లో మెటియోర్ ఉపగ్రహంపై అంతరిక్షానికి పంపింది. వలయాకారపు గదిలోకి జినాన్ వాయువును వదిలి, అయస్కాంత క్షేత్రంతో ఎలక్ట్రాన్లను అక్కడే సుడి తిరిగేలా నిలిపితే, అవి జినాన్ పరమాణువులను ఢీకొని అయాన్లుగా మారుస్తాయి. విద్యుత్ క్షేత్రం ఆ అయాన్లను సెకనుకు సుమారు 15 కిలోమీటర్ల వేగంతో బయటికి తోస్తుంది. రసాయన ఇంజన్లలో ఈ వేగం మూడు, నాలుగు కిలోమీటర్లే కాబట్టి ఇక్కడ ఇంధనం ఎంతో ఆదా అవుతుంది, కానీ తోపు మాత్రం కొన్ని కాగితాల బరువుకు మించదు.

ఇలాంటి థ్రస్టర్‌ను కక్ష్యకు పంపే భారతదేశపు తొలి ప్రయత్నం 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోటలో జీఎస్ఎల్‌వీ రాకెట్ విఫలం కావడంతో జీశాట్-4 ఉపగ్రహంతో పాటే పోయింది. 2017లో జీశాట్-9 ఆ లోటు తీర్చింది. అది రెండు టన్నుల పైబడిన ఉపగ్రహం.

అసలు చిక్కు చిన్న ఉపగ్రహాల కోసం థ్రస్టర్ పరిమాణం తగ్గించబోయినప్పుడే మొదలవుతుంది. గది చిన్నదయ్యేకొద్దీ ఘనపరిమాణంతో పోలిస్తే గోడల వైశాల్యం పెరిగి, ఎలక్ట్రాన్లు గోడలకు తగిలి వృథా అవుతాయి. వాటిని ఆపాలంటే అయస్కాంత క్షేత్రం బలపడాలి, ఆ అయస్కాంతాలేమో వేడికి సత్తువ కోల్పోతాయి. ఎలక్ట్రాన్లను అందించే కాథోడ్‌ను ముందుగా కాచే హీటరు కూడా, ఉన్న కొద్దిపాటి విద్యుత్తులో వాటా అడుగుతుంది, పైగా తరచు వేడెక్కి చల్లారుతూ తానే ముందు చెడిపోవచ్చు. అందుకే బెంగళూరుకు చెందిన బెల్లాట్రిక్స్ సంస్థ హీటరు అక్కరలేని కాథోడ్‌ను రూపొందించింది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ-సీ58 నాలుగో దశను ప్రయోగవేదికగా మార్చినప్పుడు, హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ సంస్థ పరికరంతో పాటు దీనినీ అక్కడే పరీక్షించారు. పైకి చూస్తే చిన్న విడిభాగమే, కానీ ఈ రంగంలో గెలుపోటములు ఎక్కువగా ఇలాంటి భాగాల దగ్గరే తేలతాయి.

ఇంధనం నిల్వ మరో సమస్య. జినాన్‌కు అధిక పీడనపు ట్యాంకు కావాలి, ధర కూడా ఎక్కువే. ఫ్రాన్స్‌కు చెందిన థ్రస్ట్‌మీ సంస్థ 2020లో ఘనరూపంలో ఉండే అయొడిన్‌తో చిన్న ఉపగ్రహాన్ని కక్ష్యలో నడిపి చూపింది. అయితే అయొడిన్ లోహాలను తినేస్తుంది గనుక, అది తాకే భాగాలను సిరామిక్, పాలిమర్ వంటి వాటితో కాపాడవలసి వచ్చింది.