ఫిరంగిపురము గుడి



దేవాలయ చరిత్ర యనఁగానే మనకు రాజులు, శిలాశాసనములు, మాన్యములు స్ఫురించును. నేఁడు నేను ముచ్చటింపఁబోవునది రాజు కట్టింపని గుడి. గుంటూరు మండలమున, కొండవీటి కొండల చెంతనున్న ఫిరంగిపురమందలి కథోలిక దేవాలయము. నేనా మతమువాఁడను గాను. అయినను గ్రామచరిత్ర గ్రామస్థులందఱి సొత్తు గదా!

ముందుగా నూరిపేరులోని మాట. ‘ఫిరంగి’ మన దేశ్యపదము కాదు. ఐరోపాలోని ఫ్రాంకుల జాతినామము అరబ్బీ, పారసీకముల మీఁదుగా మనకడకు వచ్చి, తెల్లజాతివానికిని, కోటలపై నెక్కించు పెద్ద తుపాకికిని గూడ వాచకమయ్యెను. ఈ గుడి కథలో మాత్రము తుపాకికిఁ బని లేదు.

18వ శతాబ్ది ప్రారంభమున ఫ్రెంచిదేశపు యేసుసభ గురువులు పుంగనూరు మొదలుకొని తెలుగు సీమలోఁ బ్రవేశించిరి. వారు సన్న్యాసివేషము దాల్చిరి, మాంసము విడిచిరి, తెలుగు నేర్చిరి. అందొకఁడగు కేర్దూ 1732లో భారతదేశమునకు వచ్చి, తెలుఁగు, సంస్కృతము, ఫ్రెంచి పదములతో నిఘంటువు కూర్చెను. ‘దానము’నకు లాటినునందలి ‘దోనుమ్’, ‘విధవ’కు ‘విదువా’ చుట్టములని గుర్తించి, 1767లో పారిసు పండితులకు వ్రాసి పంపెను. విలియం జోన్సు కలకత్తాలో నీ సంగతినే ప్రకటించుట 1786లో. వ్యాకరణము చదువుకొన్న నావంటివానికి ఈ మాట తలఁచినపుడెల్ల సంతోషము కలుగును.

అయితే వారి యాచారములో నొక చిక్కు కలదు. అగ్రవర్ణముల మన్ననకై వారు కులభేదమును గూడఁ బాటించిరి. 1744లో పోపు 14వ బెనెడిక్టు, అంటరానివారని దూరముంచఁబడిన రోగుల యిండ్లకును గురువులు పోవలసినదేయని శాసించెను.

ఆ శతాబ్దిలోనే రాయలసీమనుండి కొన్ని రెడ్డి కుటుంబములు, ఆ మతమును వెంటఁబెట్టుకొని, కొండవీటి సీమకు వలసవచ్చెను. విత్తనపు మూటతోఁబాటు జపమాలయు బండి యెక్కినదన్నమాట.

ఇంతలో 1773లో పోపు యేసుసభనే రద్దుచేసెను. 1776లో పారిసునందలి వేఱొక సభవారికి ఈ పని యప్పగింపఁబడెను గాని, సీమ పెద్దది, గురువులు కొలఁదిమంది. పూజచేయు గురువు కనఁబడుటయే యరుదయ్యెను. మఱి యీ సంఘము నశింపకుండుటకుఁ గారణమేమి? ఉపదేశులు, కుటుంబపెద్దలు, తల్లులు. జపములను నోటఁబట్టి బిడ్డలకు నేర్పినవారు వీరే. మన వేదము సైతము లిపిచేతఁ గాక కంఠముచేతనే నిలిచినది గదా! ఈ గుడికి నిజమైన పునాది ఆ నూఱేండ్ల యోపికయే యని నా యభిప్రాయము.

1875లో ఇంగ్లండునందలి మిల్‌హిల్ సభవారు మద్రాసు మేత్రాసనములోని తెలుగు ప్రాంతమునకు వచ్చిరి. మఱుసటి యేఁడే ధాత కరువు దేశమును దహించెను. ఆ శతాబ్ది చివరిపాదమున డీక్మన్ అను గురువు ఫిరంగిపురమున బాలయేసు పేర నీ దేవాలయమును గట్టించెను. జనవరిలో సంక్రాంతి దినములందు బాలయేసు తిరునాళ్లు, జూలైలో కొండపైఁ గార్మెలుమాత యుత్సవము నేఁటికిని జరుగుచున్నవి.

ఆ కాలముననే తెలుగునాట మాల మాదిగలును ఈ మతమునఁ జేరిరి. గోడలు లేచినంత సులభముగా మనసులు గలియలేదు. ఒకే గుడిలో నందఱు సమానముగాఁ గూర్చుండుటకుఁ జాలకాలము పట్టెను. ఆ పని యన్నిచోట్లఁ బూర్తియైనదని నేను జెప్పఁజాలను. ఇది యొక మతమువారి లోపము మాత్రమే కాదు, మనయందఱి యూళ్లలోనిదే.

1928లో నెల్లూరు మేత్రాసనమును, 1940లో దానినుండి గుంటూరు మేత్రాసనమును వేఱుపడెను. గుంటూరునకుఁ దొలి పీఠాధిపతి పోతకమూరి తోమాసుగారు, తెలుఁగుబిడ్డ. సముద్రము దాటివచ్చిన గురువులచే నారంభమైన పని, రెండువందల యేండ్లు దాటినపిమ్మట నీ నేలవాని చేతికి వచ్చెను.

అయ్యలారా! గుడి వయసును గోడనుబట్టి లెక్కింపరాదు. మీ విచారణలలోని జ్ఞానస్నానపు పుస్తకములను, పాత సమాధిరాళ్లను, వృద్ధుల నోటిమాటలను గాపాడుఁడు. క్రొత్తగోడ కట్టునపుడు పాతరాయిని బాఱవేయకుఁడు. ఆ రాతిపైఁ గల పేరు మీ తాతదో, మీ పొరుగువాని తాతదో కావచ్చును. సెలవు.