ప్రాస దొరకని ఉత్పలమాల

ఈ టపాకు కారణం ఒక ఉత్పలమాల.

పదవీవిరమణానంతరం సీతాఫల్‌మండిలోని మా ఇంటికి ఒక అంధవిద్యార్థి వచ్చి, తన పాఠ్యభాగాన్ని బ్రెయిలీకి అనువుగా టైపు చేసిపెట్టమని కోరాడు. ఏళ్లతరబడి ఛందస్సు చెప్పినవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను. అచ్చుపుస్తకాన్ని ఎదుట పెట్టుకొని, వరుస ముగిసినప్పుడల్లా ఎంటర్ మీట నొక్కుతూ, వచనమూ పద్యమూ ఒకే తీరున కొట్టి ఇచ్చాను. కొన్నాళ్లకు వచ్చి, "గురువుగారూ, పద్యంలో ప్రాస దొరకడం లేదండీ" అన్నాడు.

జరిగినది ఇది. వచనంలో నేను నొక్కిన ఎంటర్లవల్ల బ్రెయిలీ పంక్తులు ఎక్కడపడితే అక్కడ తెగిపోతున్నాయని, ముద్రణకు సిద్ధం చేసినవారు పంక్తిచ్ఛేదాలన్నిటినీ తీసివేసి ఖాళీలు పెట్టారు. వచనం బాగుపడింది. పద్యం వచనమైపోయింది. పైగా ఒక పాదం చివర సగమై తరువాతి పాదంలోకి సాగిన మాటల నడుమ ఖాళీ చేరి, ఒక్కొక్క మాట రెండు మాటలైంది. తప్పు వారిది కాదు, నాది. కాగితపు అంచు, పేరా ముగింపు, పద్యపాదాంతం అనే మూడింటికీ నేను ఒకే గుర్తు వాడాను. యంత్రానికి తేడా ఎలా తెలుస్తుంది?

ఆ గుర్తు పుట్టుక కూడా చిత్రమైనదే. టెలిప్రింటరులో ముద్రణస్థానాన్ని పంక్తి మొదటికి తేవడం ఒక ఆజ్ఞ, కాగితాన్ని ఒక వరుస పైకి జరపడం మరొక ఆజ్ఞ. డాస్, విండోస్ ఈ రెంటినీ నిలుపుకొన్నాయి. యూనిక్స్ రెండవదానితోనే సరిపెట్టుకొంది. కాగితం జరపడానికి పుట్టిన సంజ్ఞ అర్థాన్ని విభజించే సంజ్ఞగా చలామణీ అవుతున్నది.

మన తాళపత్ర లేఖకులకు ఈ చిక్కు లేదు. ఆకు ఆ చివరినుండి ఈ చివరికి పద్యాన్ని ఏకధారగా గంటంతో చెక్కేవారు. పాదమెక్కడ ముగిసిందో గణాలు, యతిప్రాసలు తెలిసిన చెవి చెప్పేది. పాదానికొక పంక్తి అనే అలవాటు అచ్చుతో స్థిరపడింది.

లూయీ బ్రెయిలీ తన పద్ధతిని 1829లో ప్రకటించాడు. మనదేశంలో ఒకటికి మించిన బ్రెయిలీ పద్ధతులు పెనుగులాడిన పిమ్మట, 1951లో భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ కుదిరింది. డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం వెలసినదీ ఆ ఏడే. ఇందులో ఒత్తు కిందికి దిగదు, గుడి పైకెక్కదు. అన్నీ వరుసగా నడుస్తాయి. "ప్రీ" అన్న ఒక్క అక్షరానికి నాలుగు గళ్లు కావాలి: ముందు హలంతచిహ్నం, పిదప ప, ర, ఈ. పెద్ద బ్రెయిలీ కాగితంలో సాధారణంగా పంక్తికి 40 గళ్లు. ఇరవై అక్షరాల ఉత్పలమాల పాదం మాటల నడుమ ఖాళీలతో కలిపి ఆ హద్దు దాటడం మామూలే. అందుకే పద్యానికొక సంప్రదాయముంది: పాదం మొదటి గడిలో మొదలవుతుంది, మిగిలిన భాగం తరువాతి పంక్తిలో మూడవ గడినుండి సాగుతుంది. వేలు ఎడమ అంచు వెంట దిగుతూ పోతే పాదాదులు తగులుతాయి; అక్కడినుండి రెండవ అక్షరమే ప్రాస. నేను పోగొట్టినది ఈ అంచునే. (స్థలం మిగుల్చుకోవడానికి పద్యాన్ని ఏకధారగా ముద్రించి, పాదాల నడుమ ప్రత్యేక చిహ్నముంచే పద్ధతి ఆంగ్ల బ్రెయిలీలో ఉండేది. మన తాళపత్రాలు గుర్తుకొచ్చాయి!)

మళ్లీ కూర్చున్నాను. పద్యాలను ముందుగా వేరుచేసి పక్కన పెట్టాను. వచనంలో పేరాల నడుమనున్న జంట ఛేదాలకు బదులు గ్రంథంలో ఎక్కడా రాని ఒక గుర్తు ఉంచి, మిగిలిన ఒంటి ఛేదాలన్నిటినీ ఖాళీలుగా మార్చి, ఆ గుర్తుల స్థానంలో పేరా విరుపులు తిరిగి నిలిపాను. ఈ వరుస తారుమారైతే పేరాలన్నీ కలిసి ముద్దవుతాయి. ఒకసారి చేసి చూశాను కూడా. పద్యంలో మాత్రం పాదాంతాన ఎంటర్ ఉంచి, మాట విరిగినచోట చిన్న అడ్డగీత పెట్టాను.

ఈసారి అతడు మా వసారాలో కూర్చొని, కాగితంపై చూపుడువేలు కిందికి జారుస్తూ నాలుగు పాదాల ప్రాసాక్షరాన్నీ వరుసగా చెప్పాడు. మరుక్షణమే సీసం తీశాడు. అచ్చులో సీసపాదం రెండు ముక్కలుగా రెండు పంక్తుల్లో ఉంటుంది గదా. రెండవ ముక్క మొదటి గడిలో మొదలుకావాలా, మూడవ గడిలోనా? కొత్త పాదమనుకుంటానేమో అని అతడు, యతి స్పష్టం కావాలని నేను. ఆ పుట ఇంకా ముద్రణకు పంపలేదు.