చెట్టుపనియు ఋతుధర్మమును

ఈ వార్షిక మహాసభా సంచికకు మనవారి పూర్వచరిత్రమును గూర్చి యేదేని వ్రాయుడని సభానిర్వాహకులు మమ్ము కోరిరి. కులచరిత్ర యనగానే గోత్రములను, ఇంటిపేరులను, ఏదో యొక రాజవంశముతోడి చుట్టఱికమును వెదకుట వాడుకయైనది. ఆ పనికి మేము పూనుకొనలేదు. మన తాతలు ఏ పనిచే బ్రదికిరో, ఆ పనిలో తమ ప్రాణములను ఎట్లు కాపాడుకొనిరో, ఆ కాపుదల ఎప్పుడు ఎందుచేత సడలెనో, అంతమాత్రమే వ్రాయదలచితిమి. చెట్టునుండి పడినవానిని ఎఱుగని యిల్లు మనలో అరుదు. కావున ఇది కేవలము పాతకథ కాదు.

ఎడ్గర్ థర్‌స్టన్ దొర 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణ హిందూదేశపు కులముల గ్రంథమునందు, గంజాము విశాఖపట్టణ మండలములలో కల్లు గీయువారు యాతవారనియు, కల్లు అమ్మి సారా కాచువారు సెగిడివారనియు వ్రాయబడియున్నది. నేటి శ్రీకాకుళము జిల్లాలో చాలభాగము అప్పటి గంజాములోనిదే. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఈ తాలూకాలు విశాఖపట్టణ మండలమున చేరెను. 1950లో శ్రీకాకుళమును, 1979లో విజయనగరమును ప్రత్యేక జిల్లాలయ్యెను. యాత యను పేరు ఈత యను మాటనుండి పుట్టినదని ఆ గ్రంథమున కలదు. సంస్కృతమున 'యాతా' యనగా పోవువాడు గదా, ఆకాశమునకు పోవువాడే యాతవాడని ఎవరైన పండితమ్మన్యులు చెప్పవచ్చును. మేమును ఆ భాషను చదువుకొన్నవారమే యైనను అట్టి వ్యుత్పత్తికి సమ్మతింపము. ఈతచెట్టు పేరు మోయుటలో మనకు తక్కువ యేమియు లేదు.

అమరసింహుడు తన నిఘంటువున ఖర్జూరము, కేతకి, తాళి మొదలగువానిని తృణద్రుమములని వేఱుగా చెప్పెను. అనగా గడ్డిజాతి వృక్షములు. తాటికి తృణరాజమని పేరు. చిన్ననాట మేము దీనిని వల్లించుటయే గాని భావము తెలిసికొనలేదు. నేటి వృక్షశాస్త్రమును ఆ విభాగమునే సమర్థించుచున్నది. మఱ్ఱికిని మామిడికిని బెరడు క్రింద క్రొత్త కొయ్యను పుట్టించు పొర యొకటి యుండును. దానివలన కొమ్మ నఱికిన గాయము కొన్ని యేండ్లకు మూసికొనును. తాటికిని ఈతకును కొబ్బరికిని ఆ పొర లేదు. వానికి తగిలిన గంటు చెట్టు బ్రదికినంతకాలము గంటుగానే నిలుచును. మఱియు వానికి పెరుగుదల యంతయు తలపైనున్న మొవ్వు ఒక్కదానియందే. మొవ్వు చెడినచో చెట్టు చచ్చును.

ఈ రెండు సంగతులను మన తాతలు ఏ గ్రంథమునను చదువలేదు. అయినను వారి పని యంతయు వీనిమీదనే నడచెను. ఈతచెట్టును ఒక యేడు ఒకవైపు చెక్కి గీచినచో, మఱుసటియేడు దానికి ఎదురువైపున గీయుదురు. అందుచేతనే ముసలి ఈతచెట్టు మొద్దు వంకరటింకరగా మెట్లు కట్టినట్లుండును. ఆ గంట్లను లెక్కించినచో అది యెన్ని యేండ్లు గీయబడెనో చెప్పవచ్చును. ఆ మెట్లే ఎక్కువానికి పాదముంచు తావులును అగును. గీత లోతైనచో చెట్టు బలహీనపడును, గాలికి విఱుగును. చెట్టును కాపాడినవాడు తన మెడను తాను కాపాడుకొనినట్లేయని మా తాతగారి మాట.

ఇక ఋతువుల సంగతి. మనవారి సంవత్సరము ఉగాదితో గాక కార్తికముతో మొదలగునని చెప్పిన అతిశయోక్తి కాదు. ఆశ్వయుజ మాసమున మన తీరమునకు తుపానులు వచ్చును. అవి వెడలిన పిమ్మట ప్రతిచెట్టును క్రిందనుండి తలయెత్తి చూచెడివారు. మొద్దు వ్రాలెనా, మట్టలు విఱిగి వ్రేలాడుచున్నవా, కందిరీగలు పట్టు పెట్టెనా, పాము చేరెనా యని చూచి, కఱ్ఱతో మొద్దును కొట్టి ఆ చప్పుడు విని, పిదపనే ఎక్కెడివారు. మొదటి యెక్కుడు గీతకు కాదు. ఎండుమట్టలు దించి తల శుభ్రము చేయుటకే. తాటిమట్ట అంచున ఱంపపు పండ్లవంటి నల్లని కఱుకు ఉండును. ఆ మట్టల నడుమనే రేపు కూర్చుండి పని చేయవలయును గనుక, ఈ శుభ్రత వేఱొకరికి అప్పగించు పని కాదు.

మార్గశిర పుష్యములలో ఈతగీత. అప్పుడు శత్రువు మంచు. తీపు చెడకుండ రసము దింపవలెనన్న తెల్లవాఱకముందే ఎక్కవలయును. ప్రొద్దెక్కిన కొలదియు అది పులియును. కాని తెల్లవాఱుజామున మొద్దు మంచుకు తడిసి జారును. వేగిరపడవలెనని కుండ చెప్పును, నిలువుమని మొద్దు చెప్పును. ఈ రెంటి నడుమ మనవారొక యుపాయమును నడపిరి. కుండలోపల సున్నము పూసినచో రసము పులియుట ఆలస్యమగును. అప్పుడు మొద్దు ఆఱువఱకు నిలువవచ్చును. సున్నము రసము తీపుకొఱకే యని అందఱును అనుకొందురు. ఆ సున్నము ఎందఱి నడుములనో విఱుగకుండ కాపాడెనని మా యభిప్రాయము.

మాఘమునుండి వైశాఖమువఱకు తాటిగీత. పోతుతాటి గెలను నొక్కి మెత్తపఱచి, దాని కొనను దినదినమును పలుచగా కోయుదురు. ఉదయము ఒకమాఱు, సాయంకాలము ఒకమాఱు ఎక్కవలయును. మేము బడిపంతులుగా పిల్లలకు ఈ లెక్క ఇచ్చుచుండెడివారము. ఒకడు 40 అడుగుల చెట్లు 20 గీయుననుకొందము. దినమునకు రెండుమాఱులు ఎక్కినచో 1600 అడుగులు పైకి, అన్నియే అడుగులు క్రిందికి. సింహాచల దేవాలయము సుమారు 800 అడుగుల యెత్తున నున్నది. అనగా వాడు దినమునకు రెండుమాఱులు సింహాద్రి నెక్కి దిగుచున్నాడు. మెట్లు లేవు, పట్టుకొన కొమ్మ లేదు, నడుమున కత్తులు, ముంతలు. పిల్లలు ఈ లెక్కను తప్పు లేకుండ చేసెడివారు. గీతవారి పిల్లలు మాత్రము చేసి నవ్వెడివారు.

వేసవిలో భయము ఉఱుములతో వచ్చును. బయలునందు ఒంటరిగా నిలిచిన తాటికంటె పిడుగునకు అనువైన గుఱి లేదు. పడమట మబ్బు కట్టినచో, కుండ నిండినను నిండకున్నను దిగవలయునని కట్టుబాటు. ఇటీవలి కాలమున పొలముల మీదుగా విద్యుత్తు తీగెలు పోవుటచే మఱియొక భయము చేరినది. పచ్చిమట్ట తీగెపై పడినచో కోసినవాని ప్రాణము నిలుచుట దుర్లభము.

ఆషాఢము మొదలు భాద్రపదమువఱకు ఎక్కరాదు. మొద్దుకు పాచి పట్టును, మోకు నాని ఉబ్బును, గాలి యెటు త్రిప్పునో తెలియదు. ఇందొక వింత కలదు. ఈ మాసములలో తాటిచెట్టే తన పండును క్రిందికి పంపును. చైత్ర వైశాఖములలో ముంజెలకొఱకు మనము ఎక్కి గెల కోయుదుము. శ్రావణ భాద్రపదములలో పండ్లు తామే రాలును. ఏరుకొన్నవారి పాలగును. టెంకలను పాతిపెట్టినచో సంక్రాంతినాటికి తేగలు త్రవ్వి తీయవచ్చును. ఇంటికప్పులకు కావలసిన కమ్మ వేసవిలోనే కోసి యుంచెడివారు. వానకాలమున ఎక్కవలసిన యక్కఱయే లేకుండ మన పూర్వులు జీవనమును అమర్చుకొనిరి. మన తాళపత్రగ్రంథములకు ఆకు దించినవాడును ఇట్టి యొకడే గదా. విజయనగర సంస్కృత కళాశాలలో తాటాకు పుస్తకమును తాకి కన్నుల కద్దుకొన్నప్పుడు మాకు ఆ మాట తోచినది. ఆ గ్రంథములలో వ్రాసినవాని పేరు ఉండును. దించినవాని పేరు ఉండదు.

ఈ కట్టుబాటు సడలిన తీరు ఇట్లున్నది. 1886లో మద్రాసు ప్రభుత్వము ఆబ్కారీ చట్టమును చేసెను. గీయు ప్రతిచెట్టునకును అనుమతి, గుర్తు, పన్ను ఏర్పడెను. చెట్టును చూచి దినమును నిర్ణయించుకొన్నవాడు ఇక పన్ను కట్టిన గడువును చూడవలసివచ్చెను. సొమ్ము చెల్లించిన చెట్టును చినుకు పడెనని విడుచుట పేదవానికి సులభము కాదు. పైగా దుకాణము పాడుకొన్నవారివద్ద ముందుగా సొమ్ము తెచ్చుకొన్నవాడు వారి తొందరను తన తొందరగా చేసికొనెను. ప్రభుత్వము వానలో ఎక్కుమని యెవరికిని చెప్పలేదు. మానుమని చెప్పగల స్వాతంత్ర్యము మాత్రము గీతవాని చేతినుండి జాఱెను.

పిమ్మట మద్యనిషేధము వచ్చెను. 1937లో సేలము జిల్లాలో ఆరంభమై, యుద్ధకాలమున ఆగి, మఱల 1946నుండి విస్తరించి, 1948నాటికి మద్రాసు రాష్ట్రమంతటను అమలయ్యెను. దాని మంచిచెడ్డలను విచారించుట ఈ వ్యాసమున మా పని కాదు. కల్లువలన చెడిన సంసారములను మేమును చూచితిమి. కాని చెట్టెక్కువానికి ఏ బ్రదుకుదారి చూపిరనునది వేఱు ప్రశ్న. తాటిబెల్లపు పని కొందఱికి దొరికెను, అందఱికిని చాలలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిదప ఈ ప్రశ్న ప్రభుత్వమునే కదలించెను. నిషేధమును తీసివేయవలెనని రామమూర్తి సంఘము చెప్పినను ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము అట్లు చేయలేదు. 1954 నవంబరు 6న ఒక్క వోటు తేడాతో ఆ మంత్రివర్గము పడిపోయెను. ఆ కాలమున గీతవారి పక్షమున నిలిచిన నాయకులలో ప్రముఖులు మన శ్రీకాకుళము జిల్లా బారువలో 1909లో జన్మించిన సర్దార్ గౌతు లచ్చన్నగారు. నిషేధము మాత్రము 1969వఱకు తొలగలేదు.

సభలలో ఈ రాజకీయమును చెప్పుకొందురు. మాకు దానికంటె పెద్దదిగా తోచునది వేఱొకటి. 1948నుండి 1969వఱకు ఇరువదియొక్క సంవత్సరములు. తండ్రి వెంట నడచి, క్రింద నిలిచి చూచి, మొదట పొట్టి ఈతను, పిదప తాటిని ఎక్కి నేర్చుకొనవలసిన పిల్లలు ఆ కాలమున కూలికి పోయిరి, కొందఱు రంగూను నుండి తిరిగివచ్చిన బంధువులవలె వెఱ్ఱిమొగములతో పట్టణములు చేరిరి. దొంగచాటున గీచినవారు చీకటిలో ఎక్కిరి. చీకటిలో మొద్దును ఎవడు పరీక్షించును? నిషేధము తొలగినప్పుడు మోకు దొరికెను, కత్తి దొరికెను, నేర్పువాడు కొన్ని ఊళ్ళలో దొరకలేదు.

దీనికి మేము కన్న యుదాహరణము నొకటి చెప్పుదుము. 1986లో నాగావళి యొడ్డున ఒక పల్లె పాఠశాలలో పని చేయుచుంటిమి. ఆషాఢమాసమున ఒక విద్యార్థి బడికి రాలేదు. చురుకైన పిల్లవాడు, శబ్దమంజరి ఒప్పజెప్పువాడు. వాని యింటికి పోతిమి. తండ్రి మంచముపై నుండెను. తడిసిన తాటినుండి జాఱెనట, నడుము విఱిగెను. "బాబూ, ఆడింక బడికి రాడు. ఆళ్ళయ్య మంచంమీదున్నాడు గదా" అని తల్లి చెప్పెను. వానలో ఎందుకెక్కితివని మేమడుగగా, తీసికొన్న సొమ్ము తీఱలేదనెను. మీ తండ్రి నీకు ఈ పని నేర్పలేదా యని అడిగితిమి. "మా అయ్య కాలానికి చెట్టు బందు బాబూ" అనెను. హాజరుపట్టీలో ఆ పిల్లవాని పేరు కొట్టివేయుటకు మాకు నెలదినములు పట్టెను.

తాటికి మోకు, కాళ్ళకు బందము, ఇవియే మనవారి పాత సాధనములు. మోకు మనుష్యుని నడుమును మొద్దును కలిపి చుట్టును. వెనుకకు వాలి పని చేయుటకు అది మేలైనది. అయినను కాలు జాఱినచో మోకును మనుష్యునితో కూడ క్రిందికి జాఱును. మొద్దునుండి మట్టలలోనికి పోవునప్పుడు దానిని విప్పవలయును. ఎంత నేర్పరియైనను ఆ క్షణమున వానికి ఆధారము చేతులే. పూర్వుల కట్టుబాట్లను పొగడుచు ఈ లోపమును దాచుట తగదు. తెలంగాణమున 2024 జూలైలో కాటమయ్య పేర రక్షణ సాధనములను గీతవారికి పంచిపెట్టుట మొదలైనది. జాఱినను పట్టి నిలుపు నడికట్టును త్రాళ్ళును అందులో కలవు. కొబ్బరి విషయమున కేంద్ర కొబ్బరి అభివృద్ధి మండలి 2011నుండి యువకులకు యంత్రముతో చెట్టెక్కుట నేర్పుచున్నది. 2014లో హుద్‌హుద్ తుపానును, 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీయును మన తోటలను ఎట్లు చేసెనో చదువరులకు చెప్పనక్కఱలేదు. ఉద్దానమున నిలిచి మిగిలిన కొబ్బరి సైతము తల తిరిగియున్నచో, కొమ్ముపురుగు తొలిచినదైనచో, ఎక్కువాడు క్రిందనే మొవ్వును గమనింపవలయును. క్రొత్త నడికట్టు పడినవానిని పట్టును గాని విఱుగు చెట్టును పట్టదు.

కావున పోషకులైన మహాశయులకు మా మనవి రెండు మాటలు. ఈ మహాసభకు వచ్చు చందాలలో కొంత భాగముతో, ఇంకను గీత సాగుచున్న ఊరూరికిని రక్షణ నడికట్లను కొని యీయవలయును. కార్తికమున మొదటి యెక్కుడునకు ముందు చెట్టును చూచు విధమును ఎఱిగిన వృద్ధులు కొందఱైన మిగిలియున్నారు. వారిని వేదికపై శాలువ కప్పి కూర్చుండబెట్టుటతో సరిపుచ్చక, ఒక చెట్టు క్రిందికి తీసికొనిపోయి చిన్నవారి యెదుట చెప్పింపవలయును.

మా తాతగారి మోకు ఇప్పటికిని మా పాతయింటి చూరున వ్రేలాడుచున్నది. ఆయన దానిని ఎన్నడును నేలపై పెట్టనిచ్చెడివారు కారు. నార చివికిపోయినది. చూడవచ్చిన పిల్లలెవరైన దానితో చెట్టెక్కుదురేమోయని, దాని ముడిని మేమే విప్పి యుంచితిమి.