మాన్స్‌ఫీల్డు ప్రభువు చిత్తరువు

పూర్వపు ప్రభువుల చిత్తరువులను చూచునపుడు, అందు కనబడువానితోపాటు కనబడనివారినిగూడ విచారించుట చరిత్రజ్ఞులకు ధర్మమని మేము తలంచుచున్నాము. లండను నగరమందలి జాతీయ ప్రతిరూప చిత్రశాలవారి సంగ్రహమున మాన్స్‌ఫీల్డు ప్రభువుయొక్క తైలవర్ణచిత్ర మొకటి గలదు. దానిని 1783లో జాన్ సింగిల్టన్ కోప్లీ రచించెను. ఇతడు అమెరికాలోని బోస్టను పట్టణమున 1738లో జన్మించి, 1774లో స్వదేశమును వీడి, పిమ్మట లండనున స్థిరపడినవాడు. చిత్రమున వృద్ధుడైన ప్రభువు తన పదవికి దగిన నిండు వస్త్రములతో ఆసీనుడై యున్నాడు. అధికారముయొక్క గాంభీర్యమంతయు కుంచెకు లొంగినది.

ఈతడు 1756 మొదలు 1788 వఱకు ఇంగ్లండున ప్రధాన న్యాయాధిపతి. జేమ్స్ సోమర్సెట్టు అను నల్లజాతి దాసుని యజమానుడు బోస్టనునుండి ఇంగ్లండునకు దెచ్చెను. అతడు పారిపోగా పట్టించి, జమైకాలో నమ్మించుటకై ఓడలో బంధించెను. దాసుని బలవంతముగా దేశము దాటించుటకు ఇంగ్లండు చట్టము సమ్మతింపదని 1772లో మాన్స్‌ఫీల్డు తీర్పుచెప్పి, అతనిని విడిపించెను. ఈ కీర్తి యాతనికి న్యాయముగా చెల్లవలసినదే.

కాని చిత్రము రచింపబడిన 1783లోనే జాంగ్ అను ఓడ వ్యాజ్యము ఆతని యెదుటికి వచ్చెను. 1781లో ఆ యోడవారు సుమారు 130 మంది దాసులను సముద్రమున త్రోసివేసిరి. ఓడ యజమానులు వారి వెలను బీమాదారులనుండి కోరిరి. మాన్స్‌ఫీల్డు పునర్విచారణకు ఉత్తరు విచ్చెను. అయినను ఆ వ్యాజ్యము సరకు నష్టమునుగూర్చినదే గాని నరహత్యనుగూర్చినది కాదు. ఆ హత్యలకై యెవ్వరును శిక్షింపబడలేదు.

ఆతని యింటనే డైడో బెల్ అను బాలిక పెరిగెను. ఆమె ఆతని మేనల్లునికి, దాసియైన యొక నల్లజాతి స్త్రీకి జనించినది. ఆమెను ప్రేమతో బెంచిన యా వృద్ధుడు తన మరణశాసనమున ఆమె స్వతంత్రురాలని ప్రత్యేకముగా వ్రాయించెను. తన తీర్పు ఆమెకు చాలిన రక్షణ కాదని యా న్యాయాధిపతియే యెఱిగియుండెనని మా యూహ.

ఇంటిలోని దయ యొక్కరిని కాపాడును; చట్టము మాఱినగాని లక్షలమంది బ్రదుకరు. బ్రిటిషు శాసనసభ దాసవ్యాపారమును 1807లోను, తన వలసలలో దాస్యమును రద్దుచేయు శాసనమును 1833లోను నిర్ణయించెను. సోమర్సెట్టు తీర్పునకు పిమ్మట అఱువదియొక్క సంవత్సరములు గడచెను! తమవారియెడ దయ చూపి, లోకమునకు న్యాయము చేసితిమని తృప్తిపడు సంస్కర్తలు ఆ చిత్తరువు నెదుట నొక్క క్షణము నిలువవలయును.