పద్దెనిమిది హోల్స్ పుట్టిల్లు

మన క్లబ్బు స్వర్ణోత్సవ సంచికలో ఇక్కడి ముచ్చట్లు రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను మాత్రం స్కాట్లండ్ తూర్పు తీరాన సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న ఊళ్ళోని ఓల్డ్ కోర్సు సంగతి రాస్తాను. గోల్ఫ్ రౌండుకి పద్దెనిమిది హోల్స్ అన్న లెక్క మనకి అక్కణ్ణించే వచ్చింది. దాని వెనక శాస్త్రమేమీ లేదు. 1764కి ముందు అక్కడ రౌండంటే ఇరవై రెండు హోల్స్. మొదటి నాలుగూ మరీ పొట్టిగా ఉన్నాయని రెండుగా కలిపేశారు. పోయిన దారినే ఆడుకుంటూ తిరిగి రావాలి గనక పోనూ రెండు, రానూ రెండు తగ్గాయి.

ఆ పోకా రాకా గుర్తుగా ఇప్పటికీ ఏడు గ్రీన్లు జంటవే. ఒక్కోదాని మీద రెండేసి జెండాలు. ఏ జంట నంబర్లు కూడినా పద్దెనిమిదే.

దీన్ని గీసినవాడంటూ ఎవరూ లేరు. సాగుకు పనికిరాని ఇసుకనేల, ఉప్పుగాలికి తట్టుకునే సన్నగడ్డి, మేసే గొర్రెలు. గాలికి చాటుగా గొర్రెలు పడుకున్న పల్లాలే బంకర్లయ్యాయని అంటారు. 1864 నుంచి 1903 దాకా కోర్సు బాగోగులు చూసిన ఓల్డ్ టామ్ మోరిస్ చాలా మార్పులు చేశాడు గానీ నేల స్వభావాన్ని చెరపలేదు. నా దృష్టిలో అదే ఆయన గొప్ప.

తొలిచూపుకి మాత్రం ఊరి బంజరులాగే ఉంటుంది, నచ్చడానికి కాలం పడుతుంది. అమెరికా మేటి ఆటగాడు బాబీ జోన్స్‌కీ అంతే. 1921 ఓపెన్‌లో ఆయన పదకొండో హోల్ బంకర్లో చిక్కుకుని విసిగి పోటీ వదిలేశాడు. 1927లో అక్కడే ఓపెన్ గెలిచాడు. 1958లో ఆ ఊరు ఆయన్ని గౌరవ పౌరుణ్ణి చేసుకుంది.

పనితనం చూడాలంటే పదిహేడో హోల్, రోడ్ హోల్ చూడాలి. గ్రీన్ సన్నగా, ఏటవాలుగా పడుకుని ఉంటుంది. ముందు ఎడమపక్కన గ్రీన్‌లోకి చొచ్చుకొచ్చిన లోతైన బంకరు, వెనక రోడ్డూ రాతిగోడా. టీ దగ్గర కుడివైపు హోటలు ఆవరణ, అటు పడితే బంతి హద్దు దాటినట్టే. భయపడి ఎడమకి కొడితే ఫెయిర్‌వే దొరుకుతుంది, కానీ రెండో దెబ్బ బంకరు మీదుగా రోడ్డు వైపుకే కొట్టాలి. తెగించి కుడి అంచు పట్టుకున్నవాడికే గ్రీన్ నిడివిగా కనబడుతుంది. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు నకజిమా గ్రీన్ దాకా రెండు దెబ్బల్లో వచ్చి, పట్ కాస్తా బంకర్లోకి దొర్లిపోయి, ఆ ఒక్క హోల్‌కే తొమ్మిది కొట్టాడు. నీళ్ళు లేవు, చెట్లు లేవు, ఒక బంకరూ ఒక రోడ్డూ చేసిన పని అది.

ఈ నేల ఏ క్లబ్బుదీ కాదు, ఊరిది. అక్కడ ఆడుకునే హక్కుని 1552 నాటి పత్రంలోనే ఒప్పుకున్నారు. 1797లో ఊరు అప్పులపాలై కుందేళ్ళు పెంచేవాళ్ళ చేతికిస్తే, ఆటగాళ్ళకీ వాళ్ళకీ ఏళ్ళ తరబడి తగాదాలు నడిచాయి. 1821లో పక్కనున్న భూస్వామి జేమ్స్ చీప్ కొనడంతో గొడవ సద్దుమణిగింది. తర్వాత నేల మళ్ళీ ఊరి చేతికే వచ్చింది. ఇప్పటికీ ఒకటో, పద్దెనిమిదో ఫెయిర్‌వేలకి అడ్డంగా జనం నడిచే బాట ఉంది.

పెద్ద పోటీలుంటే తప్ప ఆదివారం ఆట ఉండదు, ఊరివాళ్ళు కుక్కల్ని తిప్పుకుంటారు. మనవాళ్ళెవరైనా అటు వెళితే ఆ రోజే పదిహేడో గ్రీన్ నుంచి టీ వైపు వెనక్కి నడవండి. ఎటు కొట్టాల్సిందో అప్పుడు తెలుస్తుంది.