పేరు లేని అమ్మ కణాలు



మీ పిల్లల జీవశాస్త్రం పుస్తకం ఎప్పుడైనా తిరగేశారా? కణాలు కలిస్తే కణజాలం, కణజాలాలు కలిస్తే అవయవం, అవయవాలన్నీ కలిస్తే ప్రాణి, ఒక చోట బతికే ఒకే జాతి ప్రాణులన్నీ కలిస్తే జనాభా. పిల్లలు దీన్ని ఎక్కంలా అప్పజెబుతారు. ఈ వరసలో అన్నిటికన్నా చిన్నదైన కణం వెనక ఒక తల్లి కథ ఉంది. ఇవాళ అది చెప్పుకుందాం.

1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ సీసా బిరడాలకు వాడే బెరడును పల్చగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. తేనెపట్టులో లాగా చిన్న చిన్న గదులు కనిపించాయి. వాటికి ‘సెల్’ అని పేరు పెట్టాడు. 1839 నాటికి మొక్కలైనా జంతువులైనా కణాలతో కట్టినవేనని జర్మనీ శాస్త్రజ్ఞులు ష్లైడెన్, ష్వాన్ చెప్పారు. కాని మనిషి కణాలను ఒంటి బయట చిరకాలం పెంచడం మాత్రం 1951 దాకా ఎవరికీ చేతకాలేదు. కొద్దిరోజులకే చచ్చిపోయేవి.

ఆ ఏడాది అమెరికాలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ వచ్చింది. ముప్ఫై ఏళ్ళ మనిషి, అయిదుగురు పిల్లల తల్లి. గర్భాశయ ముఖద్వారంలో కేన్సర్. డాక్టర్లు ఆ కణితి లోంచి చిన్న ముక్క తీసి పరిశోధనకు పంపారు. ఆమెను అడగలేదు. అడగాలన్న ఆనవాయితీ కూడా అప్పట్లో లేదు. మామూలు కణం కొన్నిసార్లు చీలి ఆగిపోతుంది. ఈ కణాలకు ఆ ఆపుదల లేదు. దాదాపు రోజుకోసారి రెట్టింపయ్యాయి. ఆమె మాత్రం అక్టోబరు 4న కన్నుమూసింది.

ఆమె పేరులోని అక్షరాలతో వాటిని ‘హీలా’ కణాలన్నారు. పోలియో టీకా ఫలితాన్ని పరీక్షించడానికి అవే పనికొచ్చాయి. ఆమెకు వచ్చిన కేన్సరుకు మూలమైన వైరస్ జాడ కూడా తర్వాత వాటిలోనే కనబడింది. ఆ వైరస్ సంగతి తేల్చిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆడపిల్లలకు ఇప్పుడు వేయించే టీకా ఆ పరిశోధన ఫలమే.

మరి ఆ తల్లి పిల్లల మాటేమిటి? సుమారు ఇరవై ఏళ్ళ దాకా వాళ్ళకు ఈ సంగతే తెలియదు. కణాలను అమ్మి లాభం గడించిన ఒక కంపెనీ, 2023లో గాని ఆ కుటుంబంతో రాజీకి రాలేదు.

కనుక ఈసారి పిల్లలు కణం బొమ్మ వేస్తుంటే ఈ తల్లి పేరు కూడా చెప్పండి. ఆస్పత్రిలో కాగితం ఇచ్చి సంతకం చేయమంటే, ‘ఎందుకండీ?’ అని ఒక్క మాట అడిగి మరీ చేయండి.