చప్పుడు తగ్గిన సైకిలు మోటారు

1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సుమారు పదేళ్ల పాటు ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్, జపాన్‌లలో మామూలు సైకిలుకు బిగించుకునే చిన్న మోటార్లకు గిరాకీ పెరిగింది. కారు కొనే స్తోమత చాలామందికి లేదు. పెట్రోలుకు కటకట. ఇంట్లో సైకిలు మాత్రం ఉంది. ఈ మోటార్లు ఎక్కువగా 25 నుంచి 50 సీసీ లోపువే, వాటి బలం ఒక గుర్రపు శక్తికి కాస్త అటూ ఇటూ. అందువల్ల కొనేవారు ముందుగా చూసింది మోటారును సైకిలుకు ఎక్కడ బిగిస్తారు, దాని బలం చక్రానికి ఎలా చేరుతుంది అన్న రెండు సంగతులే. బండి ఎంత చప్పుడు చేస్తుందన్నది కూడా చాలావరకు అక్కడే తేలిపోయేది.

1946లో జపాన్‌లోని హమమత్సులో సొయిచిరో హోండా, సైన్యం వైర్‌లెస్ సెట్లకు కరెంటు ఇచ్చేందుకు తయారై మిగిలిపోయిన చిన్న ఇంజన్లను కొని సైకిళ్లకు అమర్చారు. వేడినీళ్ల సీసా మొదటి నమూనాకు పెట్రోలు ట్యాంకు అయింది. ఆ ఇంజన్లు అయిపోవడంతో 1947లో సొంతంగా ఎ-టైప్ ఇంజన్ చేశారు. 1952లో వచ్చిన కబ్ ఎఫ్-టైప్ వెనక చక్రం పక్కన కూర్చునేది. దాన్ని దేశమంతటా సైకిలు దుకాణాల ద్వారానే అమ్మారు.

ఇటలీలో రెండు దారులు కనిపించాయి. టూరిన్‌లో రూపొంది, తరువాత డుకాటి తయారుచేసిన కుచ్చోలో 48 సీసీల ఫోర్ స్ట్రోక్ ఇంజన్. రెండు గేర్లతో పెడల్ ఇరుసు దగ్గర బిగుసుకునేది. దాని సైలెన్సర్ శబ్దం కుక్కపిల్ల మొరుగులా ఉండటంతో ఇటాలియన్‌లో కుక్కపిల్ల అనే అర్థమున్న ఆ పేరే స్థిరపడింది. గరెల్లి సంస్థ మోస్కీటో టూ స్ట్రోక్. పెడల్ ఇరుసు కింద వేలాడుతూ ఒక రోలరుతో వెనక టైరును తిప్పేది. బరువు నేలకు దగ్గరగా ఉండటంతో సైకిలు తూగేది కాదు.

బ్రిటన్‌లో 1950లో వచ్చిన సైకిల్‌మాస్టర్‌ది మరో పద్ధతి. ఇంజన్, క్లచ్, చైను అన్నీ ఒక చక్రం మధ్యలోనే ఉండేవి. పాత వెనక చక్రం తీసి దీన్ని పెట్టుకుంటే చాలు. మొదట 25.7 సీసీ ఇంజన్ ఇచ్చారు, ఎత్తు ఎక్కలేకపోవడంతో తరువాత 32 సీసీకి పెంచారు. జర్మనీలో లోమన్ 18 సీసీ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండేది కాదు. ఇంధనం ఒత్తిడికే భగ్గున మండటంతో లోపల సుత్తి దెబ్బల్లాంటి శబ్దం పుట్టేది. దాన్ని ఏ సైలెన్సరూ అణచలేదు.

అన్నిటికంటే బాగా ఆలోచించి చేసినది ఫ్రాన్స్ వెలోసోలెక్స్ అనే చెప్పాలి. 1946లో అమ్మకానికి వచ్చి 1988 దాకా తయారైంది. ఇది విడి మోటారు కాదు, సైకిలుతో కలిపే అమ్మేవారు. ఇంజన్ ముందు చక్రం పైన ఉంటుంది. ఒక కడ్డీని వదిలితే రోలరు టైరు మీద ఆనుతుంది, వెనక్కి లాగితే ఇంజన్ పైకి లేచి బండి మామూలు సైకిలవుతుంది. ఇంజన్ నుంచి చక్రానికి గేర్లూ చైనూ లేవు, రోలరు తాకేది రబ్బరు టైరునే. ఇనుము ఇనుముతో రాసుకునే గరగర అందువల్ల పుట్టనే పుట్టదు. దీనికి మూల్యమూ ఉంది. వానలో రోలరు జారుతుంది, టైరు త్వరగా అరుగుతుంది. అయినా గంటకు 30 కిలోమీటర్ల లోపు నడిచే బండికి ఈ బేరం లాభసాటిదే.

ఇక ఇంజన్ చప్పుడు సంగతి. టూ స్ట్రోక్ ఇంజన్ ప్రతి చుట్టుకూ ఒకసారి పేలుతుంది. నిమిషానికి 4,000 చుట్లయితే సెకనుకు దాదాపు 67 పేలుళ్లు. పిస్టన్ దిగి పొగ పోయే రంధ్రం (పోర్టు) తెరుచుకునేసరికి సిలిండర్‌లో ఒత్తిడి ఇంకా తగ్గి ఉండదు, పొగ ఒక్క ఉదుటున బయటికి దూకుతుంది. సైలెన్సర్‌లోని విశాలమైన గది, అడ్డు పలకలు, చిల్లుల గొట్టం ఆ ఉదుటును కొద్దికొద్దిగా చల్లారుస్తాయి. దారి మరీ ఇరుకైతే పొగ లోపలే నిలిచిపోయి కొత్త మిశ్రమానికి చోటు ఉండదు, ఉన్న కొద్దిపాటి బలమూ పోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. పెట్రోలులో కలిపిన ఆయిల్ వల్ల మసి పేరుకుని చిల్లులు మూసుకుపోవడం మరో బాధ. విప్పి మసి గీకి శుభ్రం చేయడం మానేసి లోపలి పలకలనే పీకేసినవారికి చప్పుడు దక్కింది కానీ బలం పెద్దగా పెరగలేదు.

సైలెన్సర్ ఒక్కటే చాలదు. కార్బ్యురేటర్ గాలి పీల్చే హోరుకు ఫిల్టర్ డబ్బా కావాలి. సిలిండర్ చుట్టూ ఉండే పలుచటి రెక్కలు గంటలా మోగుతాయి, వాటి మధ్య రబ్బరు ముక్కలు దూరిస్తే ఆ మోత చచ్చుబడుతుంది. బోలుగా ఉండే సైకిలు ఫ్రేము అదురును అందుకుని పెద్దది చేస్తుంది కాబట్టి బిగింపు దగ్గర రబ్బరు బుష్ ఉంటే మేలు.

1950ల చివరికి విడి మోటార్ల స్థానంలో బలమైన ఫ్రేముతో తయారైన మోపెడ్‌లు వచ్చాయి. మన దేశంలో ఫ్రాన్స్ మోటోబెకేన్ సహకారంతో సువేగా మోపెడ్ తిరుపతిలో తయారైంది. 1972లో పుణే నుంచి లూనా, 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చాయి. తెలుగు ఊళ్లలో పాలక్యాన్లూ కూరగాయల బుట్టలూ మోసినవి ఇవే.

ఇప్పటి విద్యుత్ సైకిలులో పేలుళ్లు లేవు, ఎంపిక మాత్రం మిగిలింది. గేర్లు లేని హబ్ మోటారు దాదాపు నిశ్శబ్దం, కానీ బరువు. గేర్ల హబ్ మోటారు తేలిక, ఎత్తు బాగా ఎక్కుతుంది, కొంత ఝంకారం చేస్తుంది. అందుకే కొన్నింటిలో నైలాన్ గేర్లు వాడతారు. కరెంటును మెట్లుమెట్లుగా కాక అలలా పంపే సైన్ వేవ్ కంట్రోలర్ మోటారు గురగురను తగ్గిస్తుంది.